కిడ్నాపింగ్, అబ్డక్షన్ ఒకటేనా? భుజం రిపోర్టులో కూడా అదే మాట ఎందుకుంది?

మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెప్తాను. చిత్తూరులో ఉండే మీ చిన్నాన్న కూతురు, పదిహేడు దాటిన ఇంటర్ అమ్మాయి, తెలిసిన అబ్బాయితో ఇంటి నుంచి వెళ్లిపోయింది. పేపర్లో "బాలిక అపహరణ" అని వచ్చింది. ఎఫ్ఐఆర్‌లో కిడ్నాపింగ్ సెక్షన్ వేశారు. అవతలి లాయరేమో "ఇందులో అబ్డక్షనే లేదు, కేసు నిలవదు" అంటున్నాడు. ఇంతలో నాన్నగారి యాక్సిడెంట్ క్లెయిము కోసం తెచ్చిన ఆర్థో రిపోర్టులో "ఎడమ భుజం అబ్డక్షన్ 60 డిగ్రీలు" అని కనిపించింది. ఈ ఒక్క మాటకు ఎన్ని అర్థాలున్నాయి, మీ ఇంటి విషయంలో ఏది దేనికి వర్తిస్తుంది అన్నది మీ ప్రశ్న.

తిరుపతి, చిత్తూరు కోర్టుల్లో చాలా ఏళ్లుగా క్రిమినల్ కేసులూ యాక్సిడెంట్ క్లెయిములూ రెండూ చూస్తున్నాను కాబట్టి ఈ మాట నాకు రెండు వైపులా ఎదురవుతూనే ఉంటుంది. అమ్మాయి విషయంతో మొదలుపెడతాను, టెన్షన్ అక్కడే ఉంది.

అవతలి లాయరు చెప్పింది సగం నిజం. మీరు చెప్పిన వివరాల్లో అబ్డక్షన్ నిజంగానే కనిపించడం లేదు. అంతమాత్రాన కేసు పడిపోదు. పేపరు వాళ్లు రెంటినీ కలిపి అపహరణ అని రాసేస్తారు గానీ, చట్టంలో కిడ్నాపింగ్ వేరు, అబ్డక్షన్ వేరు. మొదటిది వయసు చుట్టూ తిరుగుతుంది. రెండోది బలవంతం, మోసం చుట్టూ తిరుగుతుంది.

కిడ్నాపింగ్ అంటే, భారతీయ న్యాయ సంహిత 137వ సెక్షన్ ప్రకారం, 18 ఏళ్లు నిండని పిల్లల్ని గానీ, మతి స్థిమితం లేనివాళ్లను గానీ, వాళ్ల సంరక్షకుల అనుమతి లేకుండా ఆ సంరక్షణలోంచి తీసుకుపోవడం, లేదా ఆశ పెట్టి రప్పించుకోవడం. దేశం దాటించేయడం కూడా అదే సెక్షన్‌లో ఇంకో రకం. ఇందులో చెయ్యి పట్టి లాగక్కర్లేదు, కత్తి చూపించక్కర్లేదు. "నేనే ఇష్టపడి వెళ్లాను" అని అమ్మాయి చెప్పినా, ఆ ఇష్టానికి ఈ సెక్షన్‌లో విలువ లేదు. అడగాల్సిన అనుమతి తల్లిదండ్రులది. శిక్ష ఏడేళ్ల దాకా, జరిమానా. పాత ఐపీసీలో మగపిల్లలకు 16, ఆడపిల్లలకు 18 అని వేరువేరు వయసులు ఉండేవి. కొత్త సంహితలో ఇద్దరికీ 18 చేశారు. 2024 జులై 1కి ముందు జరిగిన సంఘటన అయితే పాత సెక్షన్లే వర్తిస్తాయి, అందుకే కొన్ని కాగితాల్లో ఇంకా 363 అని చూస్తుంటారు.

అబ్డక్షన్ 138వ సెక్షన్. ఎవరినైనా సరే, ఏ వయసువాళ్లనైనా సరే, బలవంతంగా గానీ మాయమాటలు చెప్పి గానీ ఒక చోటు నుంచి కదిలించి తీసుకుపోవడం. ఇక్కడ సంరక్షకుల ప్రసక్తి లేదు. నలభై ఏళ్ల మనిషి దగ్గరికి వెళ్లి "మీ అమ్మను రుయా ఆసుపత్రిలో చేర్చారు, రండి" అని అబద్ధం చెప్పి కారెక్కించుకుంటే అది అబ్డక్షన్. సీతాపహరణంలో రెండూ ఉన్నాయి చూడండి, భిక్షువు వేషం మోసం, ఆ తర్వాత ఎత్తుకుపోవడం బలవంతం. చాలామందికి తెలియని సంగతి ఏమిటంటే, 138 కేవలం నిర్వచనం. దానికి విడిగా శిక్ష లేదు. ఏ ఉద్దేశంతో తీసుకుపోయారన్నదాన్ని బట్టి వేరే సెక్షన్ కలిస్తేనే శిక్ష. చంపడానికైతే 140(1). డబ్బు కోసం బెదిరిస్తే 140(2), దీనికి మరణశిక్ష గానీ యావజ్జీవం గానీ ఉంది. ఎవరికీ తెలియకుండా బంధించడానికైతే 140(3). ఇష్టం లేని పెళ్లి చేయడానికి స్త్రీని తీసుకుపోతే 87, పదేళ్ల దాకా.

అందుకే ఎఫ్ఐఆర్ చేతికి రాగానే పేజీలన్నీ తిప్పకుండా ముందు సెక్షన్ల గడి చూడమంటాను. అక్కడ 137(2) ఒక్కటే ఉందా, పక్కన 87 ఉందా, పిల్లలపై లైంగిక నేరాల చట్టం పోక్సో ఉందా అన్నది ఆ కేసు దారి మొత్తం చెప్పేస్తుంది. 137(2) ఒక్కటే ఉంటే ప్రాసిక్యూషన్ రుజువు చేయాల్సింది వయసు, సంరక్షణ, తీసుకుపోవడం. 87 ఉంటే ఉద్దేశం కూడా రుజువు చేయాలి.

మీ కేసులో అసలు పోరాటం "తీసుకుపోవడం" అన్న మాట మీద జరుగుతుంది. అవతలి లాయరు ఈపాటికి వరదరాజన్ కేసు తీసి పెట్టుకుని ఉంటాడు. అది మద్రాసు నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లిన కేసు, 1964లో తీర్పు వచ్చింది. కాలేజీలో చదువుతున్న, 18కి దగ్గర పడిన అమ్మాయి తనే ఫోన్ చేసి అతన్ని రమ్మంది, తనే నడిచి వెళ్లి కలిసింది, పెళ్లి రిజిస్టర్ చేయించుకుందామని తనే అంది. మైనర్ తన వెంట వస్తుంటే ఊరుకోవడం వేరు, మైనర్‌ను తీసుకుపోవడం వేరు అని కోర్టు చెప్పి అతన్ని వదిలేసింది. కానీ ఆ తీర్పును అందరికీ వర్తించే తాయత్తులా పట్టుకుంటే కుదరదు. 1972లో రాజా రామ్ కేసులో, పధ్నాలుగేళ్ల పిల్ల విషయంలో, ఒప్పించి మనసు మార్చి బయటికి వచ్చేలా చేసినా తీసుకుపోవడమే అవుతుందని అదే కోర్టు అంది. 1973లో ఠాకోర్‌లాల్ కేసులో, ముందునుంచీ కానుకలిచ్చి, ఆశలు పెట్టి, చివరి రోజు అమ్మాయి తనంతట తను వచ్చినట్టు కనిపించినా, ఆ ముందు నడిచిన కథంతా చూడాల్సిందే అని చెప్పింది. కాబట్టి ఫోన్ మెసేజ్‌లు, ఎవరు ఎవరిని రమ్మన్నారు, ఎంతకాలంగా ఏం మాట్లాడుకున్నారు అన్నవే ఇక్కడ సాక్ష్యం. అమ్మాయి దొరికాక మేజిస్ట్రేట్ ముందు నాగరిక్ సురక్షా సంహిత 183వ సెక్షన్ కింద ఇచ్చే వాంగ్మూలం వీటన్నిటికంటే బరువైనది. దయచేసి ఆ పిల్లకు ఏం చెప్పాలో ఎవరూ నూరిపోయకండి. నూరిపోసిన మాట అవతలి లాయరు చేసే క్రాస్ ఎగ్జామినేషన్‌లో బయటపడుతుంది, పిల్ల జీవితాంతం మోయాల్సిన కాగితం అది.

వయసు రుజువు గురించి ఇంకాస్త చెప్పాలి, ఎందుకంటే 137 కేసులు ఎక్కువగా అక్కడే గెలుస్తాయి, అక్కడే పోతాయి. జువెనైల్ జస్టిస్ చట్టం 94వ సెక్షన్‌లో వరస ఉంది. మొదట బడి ఇచ్చిన పుట్టిన తేదీ సర్టిఫికెట్ లేదా పదో తరగతి సర్టిఫికెట్. అది లేకపోతే కార్పొరేషన్, మున్సిపాలిటీ, పంచాయతీ ఇచ్చే జనన ధ్రువపత్రం. ఈ రెండూ లేనప్పుడే ఎముకల ఎక్స్‌రేతో వయసు తేల్చే పరీక్ష. ఆ పరీక్ష ఖచ్చితమైంది కాదు, అటో ఇటో రెండేళ్లు తేడా ఉండొచ్చని 1982లోనే సుప్రీంకోర్టు చెప్పింది. పదిహేడున్నరకు రెండేళ్ల తేడా అంటే కేసే తారుమారు. ఆధార్ చూపిస్తే చాలనుకుంటారు, అది వయసుకు రుజువు కాదని 2024లో సుప్రీంకోర్టు ఒక యాక్సిడెంట్ క్లెయిములో తేల్చింది. మీ చెల్లెలి పదో తరగతి మెమో ఒరిజినల్ ఇప్పుడే తీసి భద్రంగా పెట్టండి.

ఈలోగా ఏదైనా గుడిలో పెళ్లి చేసుకున్నామని ఫొటో పంపితే కంగారు పడొద్దు. మైనర్‌ను సంరక్షకుల దగ్గర నుంచి తీసుకుపోయి చేసుకున్న పెళ్లి, 2006 బాల్య వివాహాల నిషేధ చట్టం 12వ సెక్షన్ ప్రకారం అసలు చెల్లదు. ఇదే అమ్మాయికి 18 నిండి ఉంటే నా జవాబు పూర్తిగా వేరేలా ఉండేది. అప్పుడు కిడ్నాపింగ్ లేదు, బలవంతమో మోసమో లేకపోతే అబ్డక్షనూ లేదు. మేజర్లు తమ ఇష్టప్రకారం పెళ్లి చేసుకోవచ్చు, బంధువులు వాళ్లను వేధించకూడదు అని 2006లో లతా సింగ్ కేసులో, 2018లో శక్తి వాహిని కేసులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. పందొమ్మిదేళ్ల కూతురు నచ్చినవాడితో వెళ్లిందని కిడ్నాప్ కేసు పెట్టమని వచ్చే తల్లిదండ్రులు ఇక్కడ చాలామంది. నేను వాళ్లకు ఎప్పుడూ అదే చెప్తాను, ఆ కేసు వద్దు, ఆ పిల్లతో మాట పోగొట్టుకోవద్దు అని.

ఇంకో మాట. డబ్బు అడిగినంత మాత్రాన 140(2), అంటే పాత 364ఏ, దానంతటదే పడదు. హైదరాబాద్‌లో ఒక ఆటోడ్రైవర్ బడిపిల్లాడిని తీసుకుపోయి డబ్బు అడిగిన కేసు ఉంది. 2021లో సుప్రీంకోర్టు, చంపుతామనో గాయపరుస్తామనో బెదిరింపు ఉండాలి లేదా అలా భయం కలిగించే ప్రవర్తన ఉండాలి, అది రుజువు కాలేదు అని యావజ్జీవం తీసేసి, మామూలు కిడ్నాపింగ్ కింద ఏడేళ్లకు మార్చింది. మొదటి ఫిర్యాదులో బెదిరింపు మాటలు ఉన్నవి ఉన్నట్టు రాయించడం ఎందుకంత ముఖ్యమో దీన్నిబట్టి తెలుస్తుంది.

భార్యాభర్తల గొడవలో తండ్రి బిడ్డను తీసుకెళ్లిపోతే కిడ్నాప్ అవుతుందా అని కూడా తరచూ అడుగుతారు. సాధారణంగా కాదు. తండ్రి సహజ సంరక్షకుడు. కోర్టు కస్టడీ తల్లికి ఇచ్చి ఉంటే సంగతి మారుతుంది. ఐదేళ్లలోపు బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలన్నది చట్టంలో ఉంది కాబట్టి, దానికి దారి ఫ్యామిలీ కోర్టు, లేదంటే హైకోర్టులో హెబియస్ కార్పస్, అంటే మనిషిని కోర్టు ముందుకు తెప్పించమని వేసే పిటిషన్.

తిరుపతి వాళ్లం కాబట్టి ఇది చెప్పకుండా ముందుకు పోలేను. కొండ మీద గానీ, బస్టాండులో గానీ, విష్ణు నివాసం ముందు జనంలో గానీ పిల్లలు కనిపించకుండా పోతే, 24 గంటలు ఆగాలి అన్న మాట ఎవరు చెప్పినా నమ్మకండి. అలాంటి నియమం లేదు. పిల్లలు తప్పిపోయారన్న ఫిర్యాదు వస్తే కిడ్నాపో అక్రమ రవాణానో జరిగి ఉంటుందని భావించి ఎఫ్ఐఆర్ కట్టాల్సిందేనని 2013లో బచ్‌పన్ బచావో ఆందోళన్ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. మీది ఏ జిల్లా అయినా, ఏ రాష్ట్రమైనా, దగ్గర్లో ఉన్న స్టేషన్‌లోనే ఫిర్యాదు ఇవ్వొచ్చు. తమ పరిధి కాకపోయినా జీరో ఎఫ్ఐఆర్ కట్టి సరైన స్టేషన్‌కు పంపుకోవడం వాళ్ల పని. ఎఫ్ఐఆర్ కాపీ మీకు ఉచితంగా ఇవ్వాలి. ఫిర్యాదు తీసుకోకపోతే నాగరిక్ సురక్షా సంహిత 173(4) ప్రకారం ఎస్పీకి రాతపూర్వకంగా పంపండి, అప్పటికీ కదలకపోతే మేజిస్ట్రేట్ ఉన్నారు. పిల్లల కోసం 1098, అత్యవసరానికి 112, రైల్లోనో స్టేషన్‌లోనో అయితే 139. పసిపిల్లలకు గొలుసులు, మురుగులు పెట్టి రద్దీలోకి తీసుకెళ్లే అలవాటు ఒకటి మనవాళ్లకుంది. పదేళ్లలోపు పిల్లల ఒంటి మీద సొమ్ము కోసం ఎత్తుకుపోవడానికి చట్టంలో ప్రత్యేకంగా 97వ సెక్షనే ఉంది, అంత పాత సమస్య ఇది. ముడుపు ఎలాగూ హుండీలోకే వెళ్తుంది, దాన్ని పిల్ల మెడలో వేయకుండా మీ దగ్గరే ఉంచుకోండి.

చిత్తూరు నుంచి వేలూరు ఎంత దూరం? గంట ప్రయాణం. కోలారు వైపు కూడా అంతే సులువు. అందుకని రాష్ట్రం దాటేశారు, ఇక మన కోర్టుకు అధికారం లేదు అనుకునేవాళ్లున్నారు. కిడ్నాపింగ్, అబ్డక్షన్ కేసుల్ని తీసుకుపోయిన చోట గానీ, దాటించిన చోట గానీ, దాచిన చోట గానీ ఎక్కడైనా విచారించవచ్చు. మీ చెల్లెలు తమిళనాడులో దొరికినా కేసు చిత్తూరులో నడుస్తుంది.

ఈ మాటకు మూడో అర్థం ఒకటుంది. మీరు అడగలేదు గానీ, ఈ రోజుల్లో ఏఐ కోర్సుల్లో కూడా చెప్తున్నారు కాబట్టి మీకు ఎదురవుతుంది. కళ్లముందున్న విషయాన్ని అన్నిటికంటే బాగా వివరించే కారణాన్ని ఊహించడాన్ని తర్కంలో అబ్డక్షన్ అంటారు. అమెరికన్ తాత్త్వికుడు పియర్స్ దీన్ని డిడక్షన్ (నియమం నుంచి ఫలితం తేల్చడం), ఇండక్షన్ (ఉదాహరణల నుంచి నియమం తేల్చడం)ల పక్కన మూడోదిగా నిలబెట్టాడు. వేదవాక్యాల అర్థాన్ని విచారించే మన మీమాంసకులు దీనికి చాలా దగ్గరి ఆలోచనను ఎప్పుడో అర్థాపత్తి అన్నారు. లావుగా ఉన్న దేవదత్తుడు పగలు తినడు, కాబట్టి రాత్రి తింటూ ఉండాలి. ఇది విడిగా ఒక ప్రమాణం, అంటే తెలుసుకునే మార్గం అని మీమాంసకులు, కాదు, ఇది అనుమానంలోనే, అంటే గుర్తును బట్టి ఊహించే మార్గంలోనే ఇమిడిపోతుంది అని తర్కం చెప్పే నైయాయికులు వాదించుకున్నారు. తిరుపతి సంస్కృత విశ్వవిద్యాలయంలో న్యాయ దర్శనం (చట్టం కాదు, తర్కం) చదివేవాళ్లను కదిపితే ఈ వాదం గంటలు గంటలు చెప్తారు, వినదగ్గది.

క్రిమినల్ కోర్టులో ఈ తర్కానికి చోటూ ఉంది, హద్దూ ఉంది. 1984లో శరద్ సార్దా కేసులో సుప్రీంకోర్టు పెట్టిన గీత ఏమిటంటే, పరిస్థితుల సాక్ష్యం మీద శిక్ష వేయాలంటే నిందితుడే చేశాడన్నది తప్ప వేరే ఏ వివరణా మిగలకూడదు. బాగా అతికే ఊహ చాలదు. పోలీసు దర్యాప్తుకు అది మొదలు మాత్రమే. అయితే పశ్చిమ బెంగాల్ నుంచి వచ్చిన మీర్ మహమ్మద్ ఒమర్ కేసు చూడండి, 2000లో తీర్పు. కలకత్తాలో ఒక యువకుణ్ణి బలవంతంగా తీసుకుపోయారు, కొన్ని గంటల్లో శవమై కనిపించాడు. చంపుతుండగా చూసినవాళ్లు లేరు. తీసుకుపోయింది రుజువయ్యాక, అతన్ని ఏం చేశారో చెప్పాల్సింది తీసుకుపోయినవాళ్లే, వాళ్లకు మాత్రమే తెలిసిన సంగతి అది, చెప్పలేదు కాబట్టి వాళ్లే చంపారని అనుకోవచ్చు అని కోర్టు అంది. అందుకే అబ్డక్షన్ రుజువవడం అంత బలమైన విషయం, దాని మీద మిగతా కేసు నిలబడుతుంది.

ఇక నాన్నగారి భుజం. భయపడాల్సిందేమీ లేదు, ఇక్కడ అబ్డక్షన్ అంటే చేతినో కాలినో ఒంటి మధ్య గీత నుంచి పక్కకు దూరంగా కదపడం. ఒంటి వైపుకు తేవడం అడక్షన్. చెయ్యి పక్కనుంచి ఎత్తి చెవి దాకా తెస్తే 180 డిగ్రీలు, అది మామూలు. 60 అంటే చెయ్యి భుజం ఎత్తుకు కూడా రావడం లేదు. కాలికైతే సుమారు 45 డిగ్రీలే మామూలు. వేళ్ల విషయంలో ఒంటి మధ్య గీత లెక్క కాదు, చేతిలో మధ్యవేలు, కాలిలో రెండో వేలు గీతగా పెట్టుకుంటారు. కంటిని చెవి వైపుకు తిప్పే నరం, ఆరోది, దాని పేరు కూడా ఈ మాటలోంచే వచ్చింది.

డాక్టరు కొలిచేటప్పుడు మీరు పక్కనుండి చూడండి. గోనియోమీటర్ అని రెండు కాడలున్న ప్లాస్టిక్ కొలబద్ద భుజం కీలు దగ్గర పెట్టి, ఒక కాడ ఒంటికి సమాంతరంగా, ఇంకోటి చెయ్యి వెంట పెడతారు. నొప్పి ఉన్న మనిషి చెయ్యి ఎత్తమంటే తెలియకుండానే భుజాన్ని చెవి వైపుకు ఎగరేస్తాడు, నడుము పక్కకు వంచుతాడు. చూసేవాళ్లకు చెయ్యి బాగానే లేచినట్టు కనిపిస్తుంది. మంచి డాక్టరు ఒక చేత్తో రెక్క ఎముకను అదిమి పట్టుకుని కీలు ఒక్కటే ఎంత కదులుతోందో కొలుస్తారు. తనంతట తను ఎత్తగలిగింది ఎంత, డాక్టరు ఎత్తితే లేచింది ఎంత అని రెండూ రాయించుకోండి. రెండోది బాగుండి మొదటిది తక్కువైతే కండరమో నరమో దెబ్బతిన్నట్టు అనుమానించాలి. రెండూ తక్కువైతే కీలు బిగుసుకుపోయినట్టు. షుగర్ ఉన్నవాళ్లకు యాక్సిడెంట్ లేకుండానే భుజం బిగుసుకుపోవచ్చు, ఇన్సూరెన్స్ లాయరు అడిగే మొదటి ప్రశ్న అదే. కాబట్టి యాక్సిడెంట్‌కు ముందు చెయ్యి బాగుండేదని చెప్పగల సాక్షి కావాలి.

మన వైపు ఎముక విరిగితే పుత్తూరు కట్టుకు వెళ్లడం మామూలే. వెళ్లొద్దని నేను చెప్పను, అది మీ నమ్మకం. కానీ క్లెయిము నిలవాలంటే, కట్టుకు ముందు తీసిన ఎక్స్‌రే, ఆసుపత్రి ఓపీ చీటీ తేదీలతో ఉండాలి. అవి లేక గట్టి క్లెయిములు బలహీనపడటం చూశాను.

శాతం గురించి కూడా ఒక మాట. రిపోర్టులో రాసిన వైకల్యం ఆ చేతికా, మొత్తం ఒంటికా అని అడిగి రాయించండి. 2010లో రాజ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు, డాక్టరు చెప్పిన శాతాన్ని అలాగే సంపాదన నష్టంగా తీసుకోకూడదు, ఆ మనిషి చేసే పనికి ఆ లోపం ఎంత అడ్డమో చూడాలి అంది. నాన్నగారు మామిడి మండీలో గంపలు ఎత్తే పని చేసేవారని రాశారు. చెయ్యి 60 దగ్గర ఆగిపోయే మనిషి తలకెత్తు గంప ఎత్తలేడు, లారీ పైకి అందించలేడు. కుర్చీలో కూర్చుని లెక్కలు రాసే మనిషికి అదే 60 అంత నష్టం చేయదు. మండీ యజమాని చేత ఆయన ఏ పని చేసేవారో, ఎంత కూలీ ఇచ్చేవారో సాక్ష్యం చెప్పించండి.

డాక్టరు సాక్ష్యం చెప్పేటప్పుడు "ఏ, బీ, డక్షన్" అని అక్షరాలు విడదీసి పలకమని మీ లాయరు చేత అడిగించండి. డాక్టర్లు ఒకరికొకరు చెప్పుకునేటప్పుడు కూడా అలాగే పలుకుతారు. లేకపోతే టైపు చేసేవాళ్లకు అది అడక్షన్ అని వినపడుతుంది, అర్థం తలకిందులవుతుంది. వాంగ్మూలం మీద డాక్టరు సంతకం పెట్టకముందే ఆ ఒక్క పదం, దాని పక్కనున్న అంకె సరిచూసుకోమనండి.